ఎంత కష్టపడ్డావమ్మా!

మన వంటింట్లోకి కొత్త వస్తువేది వచ్చినా, గడప దాటకముందే దాని మీద ఒక నింద పడి ఉంటుంది. ప్రెషర్ కుక్కరు వచ్చిన కొత్తలో "ఆ అన్నంలో బలముండదు" అన్నారు. మిక్సీ వచ్చినప్పుడు "రోట్లో నూరిన పచ్చడి రుచి దీనికెక్కడిది?" అన్నారు. ఇక గ్యాసు పొయ్యి సంగతి చెప్పనే అక్కర్లేదు. గ్యాసు మీద వండింది తింటే కడుపులో గ్యాసు పడుతుందని ఘంటాపథంగా చెప్పినవాళ్ళను నేనెరుగుదును. 1999లో దీపం పథకం కింద ఆడవాళ్ళ పేరు మీద గ్యాసు కనెక్షన్లు ఇస్తున్న రోజుల్లో కూడా మా చెన్నూరులో ఆ మాట వినిపించేది.

ఈ మాటలన్న వాళ్ళలో రోలు ముందు కూర్చున్నవాళ్ళెందరు, కంచం ముందు కూర్చున్నవాళ్ళెందరు అని అప్పట్లో ఎవరూ లెక్క తీయలేదు. తీసి ఉంటే తమాషాగా ఉండేది.

ఇప్పుడు ఆ నింద మొయ్యడం ఎయిర్ ఫ్రయర్ వంతు.

చెన్నూరు మరీ పెద్ద ఊరేం కాదు. 2016 దాకా ఆదిలాబాదు జిల్లా, ఆ తర్వాత మంచిర్యాల జిల్లా. దక్షిణాదికి వచ్చిన గోదావరి మా దగ్గర మాత్రం ఉత్తరానికి తిరిగి పారుతుందని, పంచక్రోశ ఉత్తరవాహిని అని గొప్పగా చెప్పుకుంటాం. అగస్త్యేశ్వరుడి గుళ్ళో అఖండదీపం తరతరాలుగా ఆరకుండా వెలుగుతోందని పెద్దవాళ్ళు చెప్తారు. నూనెకు అంత మర్యాద ఉన్న ఊరికి, నూనె వద్దనే యంత్రం అట్టపెట్టెలో కొరియర్ మీద వచ్చింది. మా వీధిలో మొదట వచ్చింది మా పక్కింటికి. ఆ ఇంటి కోడలు ప్రైవేటు బళ్ళో టీచరు. ఆమె తమ్ముడెవరో హైదరాబాదు నుంచి పంపాడు. భర్తకు సింగరేణిలో ఉద్యోగం. అత్తగారికి డెబ్బై ఏళ్ళు ఉంటాయి. సకినాలు చుట్టడంలో ఆవిణ్ణి మించినవాళ్ళు మా వాడలో లేరు.

యంత్రం అంటే భయపడాల్సిందేమీ లేదు. పేరులో ఫ్రయర్ అని ఉంది గానీ అందులో వేయించడమనేది జరగదు. పైన వేడెక్కే తీగచుట్ట, దాన్ని ఆనుకుని ఒక చిన్న పంకా, కింద చిల్లులున్న బుట్ట. వేడిగాలి సుడి తిరుగుతూ బుట్టలోని పదార్థం చుట్టూ కొడుతుంది, పైతొక్క ఆరి ఎర్రబడుతుంది. ఒక్కమాటలో చెప్పాలంటే గాలి ఎక్కువ, చోటు తక్కువ ఉన్న ఓవెన్. ఫ్రెడ్ వాన్ డర్ వై అనే డచ్చి ఆయన ఆలోచన ఇది. ఫిలిప్స్ కంపెనీ 2010లో బెర్లిన్ ప్రదర్శనలో లోకానికి చూపించింది. ఆ తర్వాత అందరూ చేయడం మొదలుపెట్టారు.

మా పక్కింటి అమ్మాయి అందులో మొట్టమొదట చేసింది డోనట్ ఉండలు. బళ్ళో పిల్లలు అడిగారట. డోనట్ అంటే మనకు తెలియనిదేం కాదు, గారెకు తియ్యటి చెల్లెలు అనుకోండి. మధ్యలో చిల్లు కూడా అలాగే ఉంటుంది. ఎందుకంటే, మందంగా ఉన్న ముద్దను నూనెలో వేస్తే అంచులు మాడేవేళకు మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది. అమెరికాలో మెయిన్ రాష్ట్రానికి చెందిన హాన్సన్ గ్రెగరీ అనే ఓడ కెప్టెన్, 1847లో డోనట్ చిల్లు కనిపెట్టింది తనేనని ముసలితనంలో పత్రికలవాళ్ళకు చెప్పుకున్నాడు. చరిత్రలో ఆయన పేరు నిలిచిపోయింది. మన గారెకు చిల్లు పెట్టిన ఇల్లాలు ఎవరో! ఏ పత్రికవాడూ వెళ్ళి ఆవిణ్ణి అడిగిన పాపాన పోలేదు. ఆ చిల్లు కోసం తీసేసిన ముద్దల్ని పారెయ్యకుండా చిన్న ఉండలుగా కాల్చి అమ్మడం మొదలుపెట్టారు అక్కడి వాళ్ళు. ఇప్పుడు ఆ ఉండలనే నేరుగా చేసుకుంటున్నారు.

పద్ధతి చెప్పకపోతే మీరు ఊరుకోరు కనుక చెప్పేస్తాను. ఒక కప్పు మైదా, ఒకటిన్నర చెంచా బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల చక్కెర. పెరుగును పలచటి బట్టలో కట్టి గంటసేపు వేలాడదీస్తే నీరంతా కారిపోయి గట్టిగా అవుతుంది. ఆ పెరుగు ముప్పావు కప్పు దాకా కొంచెం కొంచెంగా వేస్తూ మెత్తటి ముద్దగా కలపాలి. ఎక్కువ పిసకకూడదు, పిసికితే సాగుతుంది. ఉసిరికాయంత ఉండలు చేసి, 180 డిగ్రీల వేడిలో ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు. మధ్యలో ఒకసారి బుట్టను కుదపాలి. బయటికి తీసి, వేడి మీదే కాస్త వెన్నో నెయ్యో పూసి, దాల్చినచెక్క పొడి కలిపిన చక్కెరలో దొర్లించాలి. మనకు యాలకుల పొడి అయినా బాగుంటుంది. ఒక్క మాట. గారెల పిండిలాగా, మైసూరు బోండాల పిండిలాగా జారుగా ఉన్నది ఈ బుట్టలో వెయ్యకండి. చిల్లుల్లోంచి కిందికి కారి, కడుక్కోలేక చావాలి. కాగే నూనె జారుపిండిని పడగానే పట్టి నిలబెడుతుంది. గాలికి ఆ శక్తి లేదు.

వెచ్చం కూడా ఎక్కువేం కాదు. పదిహేనువందల వాట్ల యంత్రం పది నిమిషాలు తిరిగితే పావు యూనిట్ కరెంటు. ఆ కరెంటు మాత్రం ఊరికే రాదండీ. మంచిర్యాల నుంచి వచ్చేదారిలో జైపూర్ దగ్గర 1200 మెగావాట్ల సింగరేణి కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తూనే ఉంటాయి. అత్తగారి కట్టెలపొయ్యి పొగ ఇల్లు దాటి అక్కడికి వెళ్ళిందని నేను నవ్వుతూ అంటుంటాను. అయినా ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే ఊళ్ళో, కాగే మూకుడు ముందు నిలబడక్కర్లేకపోవడం ఎంత సుఖమో నిలబడ్డవాళ్ళకే తెలుస్తుంది.

సరే, అసలు విషయానికి వస్తాను.

సంక్రాంతికి వాళ్ళింటికి చుట్టాలు వచ్చారు. అత్తగారి చెల్లెళ్ళు, మరుదులు, వాళ్ళ పిల్లలు. నన్నూ పిలిచారు. రెండు పళ్ళాలు వచ్చాయి. ఒకదాంట్లో అత్తగారి సకినాలు, రెండోదాంట్లో కోడలి ఉండలు. పిల్లల సంగతి వదిలెయ్యండి, పెద్దవాళ్ళు కూడా ముందు ఉండల మీదే పడ్డారు. అందరికంటే పెద్ద మాట చిన్నత్తగారిది.

"మస్తుగున్నయి బిడ్డా! బళ్ళెకు పోయి వచ్చి ఇన్నెప్పుడు చేసినవే? ఎంత కష్టపడ్డవో!"

కోడలు నిజం చెప్పింది.

"కష్టమేం లేదు చిన్నత్తమ్మా. మిషిన్ల పెట్టుడే. పది నిమిషాలల్ల అయిపోయినయి."

"మిషిన్లనా? నూనెల ఏంచలేదా?"

"లేదత్తమ్మా."

చిన్నత్తగారు చేతిలో ఉన్న రెండో ఉండను ఒకసారి తిప్పి చూసుకుంది. "ఓ, గట్లనా" అంది. కాసేపాగి, "అయితే బయట దొరికేటియే గదా ఇవి" అంది. పక్కనున్న మరిదిగారు, "అదే అనుకున్న, జరంత పొడిపొడిగున్నయి" అన్నాడు. అంతకుముందే ఆయన నాలుగు తిన్నాడు, నేను చూశాను. తర్వాత చేతులన్నీ సకినాల పళ్ళెం వైపు మళ్ళాయి.

నేనప్పటినుంచీ ఆ మాటే ఆలోచిస్తున్నాను. ఉండలు అవే. చక్కెర అదే. నోట్లో ఉన్న ముక్క కూడా అదే. ఒక్క వాక్యం చెవిలో పడేసరికి నాలుక మీద రుచి దిగిపోయింది. అంటే అప్పటిదాకా వాళ్ళు తిన్నదేమిటి? మైదానా, కోడలి నడుంనొప్పినా?

ఇలా రాస్తే మరీ కటువుగా ఉందని మీకనిపించవచ్చు. మనకోసం ఒకరు శ్రమపడ్డారంటే మనసుకు సంతోషంగా ఉండటంలో తప్పేముంది? ఏమీ లేదు. ఎండలో నడిచొచ్చిన చుట్టం, బస్సు దిగగానే వచ్చినవాడికంటే దగ్గరివాడుగా అనిపిస్తాడు. అది మనిషి స్వభావం. కానీ నడిచొచ్చిన చుట్టం కాళ్ళకు మనం నీళ్ళిస్తాం. వంటింట్లో నిలబడి చేసినావిడకు ఏమిస్తున్నాం? 'ఎంత కష్టపడ్డావమ్మా' అన్న మాట ఒకటి. ఆ మాట జీతమూ అదే, వచ్చే పండక్కి బయానా కూడా అదే.

ఈ మాట కోసం ఆడవాళ్ళు ఎంత దూరం పోతారో వ్యాపారులకు మనకంటే ముందే తెలుసు. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలో డఫ్ అనే కంపెనీ 1930లలో కేకు పొడి తయారుచేసింది. నీళ్ళు కలిపి పెడితే చాలు. గుడ్డు కూడా పొడి రూపంలో అందులోనే ఉంది. కానీ 1935 నాటి పేటెంటులో వాళ్ళు ఆ గుడ్డుపొడి తీసేసి, ఇల్లాలే తాజా గుడ్డు కొట్టి వేసుకోవాలని మార్చారు. ఇళ్ళలో ఆడవాళ్ళు తాజా గుడ్డే ఇష్టపడుతున్నారని కారణం కూడా రాశారు. తర్వాత 1950లలో ఎర్నెస్ట్ డిక్టర్ అనే మనస్తత్వ పరిశోధకుడు ఇలాంటివి కంపెనీలకు విడమరచి చెప్పి పేరు తెచ్చుకున్నాడు. గుడ్డు కథ మొత్తం ఆయన ఖాతాలోనే పడింది గానీ, పేటెంటు తేదీ చూస్తే ఆయనకంటే చాలా ముందుది. ఎవరు కనిపెడితేనేం, సంగతి ఒకటే. పని బొత్తిగా లేకుండా చేసిపెడితే ఆమెకు నచ్చదేమోనని, కావాలని కాస్త పని మిగిల్చారు. ఆ ఒక్క గుడ్డు కొట్టాక ఆమె "నేను చేశాను" అని చెప్పుకోగలదు.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత అంత నవ్వు రాలేదు.

మా పక్కింటాయన సంగతి చూడండి. గనిలో దిగుతాడు, కష్టమైన పనే, ఎవరూ కాదనరు. కానీ దానికి షిఫ్టు ఉంది. దిగితే మస్టరు పడుతుంది, ఎక్కువసేపు చేస్తే ఓవర్‌టైము రాస్తారు. బొగ్గు తీసే కొత్త యంత్రం వచ్చిందనుకోండి, "యంత్రంతో తీసిన బొగ్గుకు సెగ తక్కువ" అని ఎవరైనా అంటారా? ఆయన చేతికి తట్ట, గడ్డపార ఉంటేనే సంస్థ మీద ప్రేమ ఉన్నట్టు అని ఎవరైనా కొలుస్తారా? గనిలో కష్టాన్ని గంటల్లో కొలుస్తారు కనుక, కష్టం తగ్గితే అందరికీ మంచిదే. వంటింట్లో దాన్ని మమకారంతో కొలుస్తున్నారు. అక్కడ కష్టం తగ్గితే మమకారం తగ్గిందనే లెక్క వస్తుంది. కొలబద్దే అలాంటిదైతే ఏ యంత్రం వచ్చి ఏం లాభం?

2019లో జాతీయ గణాంక కార్యాలయం వాళ్ళు మనదేశంలో ఎవరి రోజు ఎలా గడుస్తోందో నిమిషాల లెక్కన సర్వే చేశారు. జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవాళ్ళకు సగటున రోజుకు 299 నిమిషాలు, ఆ పనులు చేసే మగవాళ్ళకు 97 నిమిషాలు పడుతున్నాయని తేలింది. ఇన్ని మిక్సీలు, కుక్కర్లు, వాషింగ్ మెషీన్లు వచ్చాక కూడా దాదాపు ఐదు గంటలు! రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1983లో ఒక పుస్తకమే రాసింది దీని మీద. ఇంట్లోకి యంత్రాలు వచ్చినప్పుడల్లా మగవాళ్ళూ పిల్లలూ చేసే పని తగ్గిపోయింది, కట్టెలు కొట్టడం లాంటిది. ఇల్లాలి పని మాత్రం రూపం మార్చుకుని అక్కడే ఉండిపోయింది. పని తేలికైన కొద్దీ ఇంకా ఎక్కువ, ఇంకా శుభ్రంగా కావాలన్న ఆశలు పెరిగాయి. వారానికోసారి ఉతికే బట్టలు రోజూ ఉతకడం మనకూ అనుభవమే కదా.

ఇక అత్తగారి సకినాల మాట చెప్పాలి. సకినం అంటే తెలియని పాఠకులకు: కొత్త బియ్యం నానబోసి, దంచి, తడిపిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, పరిచిన బట్ట మీద వేళ్ళ మధ్య నుంచి సన్నటి తీగలాగా వదులుతూ మూడు నాలుగు చుట్లు చుట్టాలి. తీగ మెలి తిరుగుతూనే ఉండాలి, తెగకూడదు. అచ్చులు, గొట్టాలు ఏవీ పనికిరావు. బొటనవేలు, చూపుడువేలు, మణికట్టు, అంతే. కొంచెం ఆరాక నూనెలో కాల్చాలి. నానబెట్టిన దగ్గరనుంచి డబ్బాలో పెట్టేదాకా రెండు రోజుల పని.

ఆవిడ కుడి మణికట్టు వాచి ఉంటుంది. చలికాలం పొద్దున పూట చెంబు ఎత్తలేదు. ఆ చేత్తోనే సంక్రాంతికి రెండు కుంచాల పిండి చుట్టింది. "ఎంత కష్టపడ్డవక్కా!" అని చెల్లెలంటే ఆవిడ ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పింది. "ఏం కష్టం? కూసున్న కాడ కూసోని చుట్టుడేనాయె."

ఇప్పుడు చూడండి ఆ గదిలో జరిగింది. కష్టం లేనావిడ లేదని చెప్పింది, ఆమె పళ్ళెం చిన్నబోయింది. కష్టపడినావిడా లేదనే చెప్పింది, ఆమె పళ్ళెం ఖాళీ అయింది. ఎందుకంటే ఆవిడ మాట ఎవరూ నమ్మలేదు. నమ్మనక్కర్లేదని అందరికీ తెలుసు. అది అనాల్సిన మర్యాద. కష్టం కళ్ళెదుట కనబడాలి, నోటితో మాత్రం కాదనాలి. అప్పుడే దానికి విలువ. చుట్టాలకు దాంట్లో ఎంత సౌకర్యమో గమనించారా! కష్టమంతా వాళ్ళకు ముట్టింది, రుణం మాత్రం ఆవిడే కొట్టేసింది.

మా పక్కింటి అమ్మాయి నాలుగు రోజుల తర్వాత మా ఇంటికొచ్చి అడిగింది. చిన్న మనసు, చివుక్కుమంది పాపం.

"ఈసారి ఎవలన్న వస్తె నూనెలనే ఏంచిన, రెండు గంటలు పట్టింది అని చెప్తె ఏమైతదక్కా? అబద్ధమే గనీ, ఎవలకు నష్టం?"

ఇలాంటి అబద్ధాలు మనకు కొత్తవి కావు. కొన్న పచ్చడిని సీసాలోంచి జాడీలోకి మార్చి ఇంట్లో పెట్టిందని వడ్డించినవాళ్ళు నాకు తెలుసు, మీకూ తెలిసే ఉంటారు. ఎవరికీ నష్టం లేదు కదా, అందరూ సంతోషంగా తింటారు కదా అని అనిపిస్తుంది. నిజానికి నేను కూడా వెంటనే వద్దనలేకపోయాను. ఆలోచిస్తే నష్టం ఎవరికో కనబడింది. ఆ అమ్మాయికి ఒక తోటికోడలుంది, మంథనిలో. ఆమెకు యంత్రం లేదు. ఈమె పది నిమిషాల పనికి రెండు గంటలని చెప్తే, రేపు పండక్కి వాళ్ళింట్లో "అగో, అక్క రెండు గంటలు నిలబడ్డది, నీకేమైంది?" అన్న మాట పుడుతుంది. ఆమె మూకుడు పెట్టి నిజంగానే రెండు గంటలు నిలబడాలి. ఒక ఆడది తన కష్టాన్ని పెంచి చెప్పుకుంటే, పక్కనున్న పదిమందికి ధర పెరుగుతుంది. ఉప్పు ధర పెరిగినట్టే, ఎవరు పెంచారో తెలియదు, కట్టేది మాత్రం అందరూ.

ఆ మాటే చెప్పాను. "పది నిమిషాలైతే పది నిమిషాలనే చెప్పు చెల్లె. నీ నోట ఆ మాట ఇంకో నలుగురు వినాలె."

"చెప్తే తినరు గదక్కా!"

"తినకుంటే పిల్లలు తింటరు."

ఇది జవాబు కాదని నాకూ తెలుసు. ఇంటెడు చుట్టాల ముందు తన పళ్ళెం ఒక్కటే మిగిలిపోవడం ఎలా ఉంటుందో ఆ అమ్మాయికి తెలుసు. నీతి చెప్పడానికి నాది పోయేదేముంది?

కష్టం వైపు కూడా రెండు మాటలు చెప్పాలి, లేకపోతే అన్యాయం. సకినాల రోజున ఆ ఇంట్లో ఒక్క అత్తగారే కూర్చోదు. నాలుగిళ్ళ ఆడవాళ్ళు వస్తారు. బట్ట చుట్టూ కూర్చుని చుడుతూ, ఊళ్ళో ఎవరి పెళ్ళి కుదిరింది, ఎవరి బిడ్డ అలిగి వచ్చింది, అన్నీ అక్కడే తేలుతాయి. అన్నం సయించని కోడలి కష్టం కూడా ఆ బట్ట చుట్టూనే బయటపడుతుంది. ఎయిర్ ఫ్రయర్ ముందు ఒక్కరే నిలబడతారు, అదీ గంట మోగేదాకా. మరొకటి, రెండు రోజుల పని కనుకే సకినం పండగ దాకా ఆగేది. పది నిమిషాల ఉండ ప్రతి మంగళవారమూ వస్తానంటుంది. నూనె తగ్గింది నిజమే గానీ మైదా, చక్కెర ఎక్కడికీ పోలేదు. ఇదివరకు కష్టమే గేటు దగ్గర కాపలా ఉండి మన నోటిని ఆపేది, ఇప్పుడు ఆ కాపలా మనమే కాయాలి. అదీ కష్టమే. కాకపోతే ఈ కష్టం వండేవాళ్ళది ఒక్కరిదే కాదు, తినేవాళ్ళందరిదీ.

అయితే తేలిక అనేది మన పెద్దవాళ్ళకు తెలియదని మాత్రం ఎవరైనా అంటే నేనొప్పుకోను. మన బతుకమ్మనే చూడండి. తొమ్మిది రోజుల పండగ, అచ్చంగా ఆడవాళ్ళది. నైవేద్యాలు ఏమిటి? అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వెన్నముద్దలు, చివరి రోజు సద్దులు. మలీద ముద్దలంటే ఏముంది, రొట్టెలు చిదిమి బెల్లం, నెయ్యి వేసి ముద్ద కట్టడమే. ఏడోరోజు వేపకాయలు తప్ప నూనె మూకుడు జోలికి పెద్దగా పోనేపోరు. ఆరోరోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు అసలు నైవేద్యమే లేదు! సాయంత్రం వాకిట్లో పాడుతూ తిరగాల్సిన ఆడవాళ్ళు పొయ్యి దగ్గర ఉండిపోతే పండగెలా సాగుతుంది? ఎవరూ ఇలా అని రాసిపెట్టలేదు, నాకు తోచిన మాట ఇది. తమకోసం తాము చేసుకున్న పండక్కి ఆడవాళ్ళు తేలికైన వంటలు పెట్టుకున్నారు. మలీద ముద్ద చేతిలో పెట్టినప్పుడు "ఎంతసేపు పట్టిందే?" అని బతుకమ్మ దగ్గర ఎవరూ అడగరు. పుచ్చుకుంటారు, నోట్లో వేసుకుంటారు, ఇంకో చెయ్యి చాపుతారు.

ఎండలు ముదిరాక పక్కింట్లో మళ్ళీ సందడి. అత్తగారి మనుమరాలి పెళ్ళి, సారెలోకి సకినాలు కావాలి. మా వైపు సకినాలు లేని సారె సారె కాదు. నేను వెళ్ళేసరికి వసారాలో బట్ట పరిచి ఉంది, నలుగురు చుడుతున్నారు. అత్తగారు గోడకానుకుని కూర్చుంది, కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని. కోడలు లోపల పనిలో ఉంది. సంక్రాంతి నాటి సకినాలు డబ్బాలో మెత్తబడితే, యంత్రంలో మూడు నిమిషాలు పెట్టి కరకరలాడేలా చేసి, చుట్టేవాళ్ళకు టీతోపాటు ఇస్తోంది. వాటిని తింటూ అది యంత్రమా, పొయ్యా అని ఎవరూ అడగలేదు, అవి అక్క చుట్టినవి కనుక.

సాయంత్రానికి చిన్నత్తగారు దిగింది. కట్టిపెట్టిన డబ్బాలు చూసి, అలవాటు ప్రకారం, "ఎంత కష్టపడ్డవక్కా!" అంది.

అత్తగారు కాసేపు మాట్లాడలేదు. నేను ఆ పాత జవాబు కోసమే ఎదురుచూస్తున్నాను.

"రెండొద్దులు పట్టింది" అంది ఆవిడ. "చెయ్యి మస్తు నొస్తాంది. రాత్రి నిద్ర లేదు."

చుడుతున్న చేతులు ఆగిపోయాయి. చిన్నత్తగారికి ఏమనాలో తోచలేదు.

"అయ్యో... మరి గిన్నొద్దులు ఒక్కనాడన్న చెప్పకపోతివి అక్కా?"

"ఎవ్వలన్న అడిగిండ్రా?"

చిన్నత్తగారు చెప్పులు విడిచి, చేతులు కడుక్కొచ్చి, బట్ట పక్కన చోటు చేసుకుని కూర్చుంది. పిండి ముద్ద చేతిలోకి తీసుకుంది. ఆవిడకు చుట్టడం అంత బాగా రాదు, మొదటి తీగ రెండో చుట్టులోనే తెగింది.